చారిత్రక నవలలో ఒక అధ్యాయం తెరకు పనికొస్తుందా? నలుగురు కూర్చుని తేల్చుకోవడం ఎలా

చారిత్రక నవల చదివిన నలుగురు ఒకచోట చేరి "ఇది సినిమా తీస్తేనా..." అన్నారంటే చాలు, ఐదు నిమిషాల్లో మాట హీరో మీదికి పోతుంది. ఆయనైతే అదరగొడతాడు, ఈయనకి గడ్డం నప్పదు, ఆమె రాణిగా ఆనదు, ఇంతే, అసలు అధ్యాయం మూలన పడుతుంది. అందుకే మొదటి నియమం: నటీనటుల పేర్లు చివరి అరగంట దాకా ఎవరూ ఎత్తకూడదు. ఎత్తినవాళ్లు అందరికీ టీ ఇప్పించాలి. కూర్చోడానికి తిరుపతిలో చోటుకేం కొదవ, యూనివర్సిటీ చెట్ల కింద కూర్చోండి, ఎవరింటి మిద్దె మీదైనా కూర్చోండి, చంద్రగిరి కోటలో పచ్చిక మీద మాత్రం వద్దు. ఎందుకు వద్దో ముందుకు పోయేకొద్దీ మీకే తెలుస్తుంది.

నవల మొత్తం మాట్లాడదాం అని మొదలుపెట్టొద్దు. అది తేలే పని కాదు. ఒక్క అధ్యాయం తీసుకోండి, అదీ ఇరవై పేజీలకు మించకుండా. ఏ అధ్యాయం అని అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది యుద్ధం ఉన్న అధ్యాయం వైపే చెయ్యి ఎత్తుతారు, ఏనుగులు, గుర్రాలు, దుమ్ము, జెండాలు. నా మటుకు నేను దాన్ని పక్కన పెట్టమంటాను. యుద్ధం పేజీ మీద ఎంత బాగున్నా తెర మీద అది డబ్బు సమస్య, గ్రాఫిక్స్ సమస్య, దాని గురించి మనం మాట్లాడుకోగలిగింది తక్కువ. ఎవడో ఒకడు ఏదో ఒకటి దాచిపెట్టుకుని, చూసేవాళ్ల ముందు నుంచే దాటుకుని పోవాల్సిన అధ్యాయం వెతకండి. అది దొరికితే సగం పని అయిపోయినట్టే.

మాటవరసకు ఒక అధ్యాయాన్ని మనమే ఊహించుకుందాం. ఏ నవలలోదీ కాదు, కానీ చరిత్ర మాత్రం మనదే, మన పక్కనే జరిగింది. 1614లో విజయనగర రాజు రెండవ వెంకటపతిరాయలు చనిపోయాడు. తిరుమల గుడిలోకి అడుగుపెట్టగానే ప్రతిమా మండపంలో కుడిపక్క కృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరులు కనిపిస్తారు కదా, ఎడమపక్క ఉండే రాగి విగ్రహం ఈయనదే, క్యూలో తోసుకుంటూ పోయే హడావిడిలో మనం చూడం. పోయేముందు ఆయన తన అన్న కొడుకు శ్రీరంగరాయలకు రాజముద్రిక ఉంగరం ఇచ్చాడు. కొలువులో పెద్ద నాయకుడైన గొబ్బూరి జగ్గరాయలు దానికి ఒప్పుకోలేదు. రాణి కొడుకు అని ఒక పిల్లవాణ్ణి ముందు పెట్టి, శ్రీరంగరాయల్ని కుటుంబంతో సహా కోటలో బంధించాడు. అప్పుడు శ్రీరంగరాయల పక్షాన నిలిచిన నాయకుడు వెలుగోటి యాచమనాయుడు ఒక చాకలి సాయంతో, ఆ కుటుంబంలో పన్నెండేళ్ల నడిమి పిల్లవాణ్ణి ఉతకడానికి వేసే బట్టల్లో చుట్టి బయటికి తెప్పించాడు. ఆ పిల్లవాడే రామదేవరాయలు. లోపల మిగిలినవాళ్లను తర్వాత చంపేశారు. 1616 చివర్లో కావేరి గట్టున తోపూరు దగ్గర పెద్ద యుద్ధం జరిగింది, తంజావూరు రఘునాథనాయకుడు యాచమనాయుడి పక్షం, మధుర, జింజి నాయకులు అవతలి పక్షం, జగ్గరాయలు అక్కడే చచ్చిపోయాడు.

ఇందులో ఏ అధ్యాయం తీసుకుంటారు? తోపూరా, మూటా? నేనైతే కళ్లు మూసుకుని మూట అంటాను.

సరే, అధ్యాయం ఎంచుకున్నాక ఎవరో ఒకరు గట్టిగా చదవాలి. ఫోన్‌లో పీడీఎఫ్ పెట్టుకుని ఎవరికి వాళ్లు కళ్లతో పరిగెత్తిస్తే లాభం లేదు. చదువుతుంటే మిగతావాళ్లు పెన్సిల్ పట్టుకుని, కంటికి కనిపించేది, చెవికి వినిపించేది ఉన్న వాక్యాల కింద గీత గీయాలి. "అతని మనసు అల్లకల్లోలమైంది", "తరతరాల స్వామిభక్తి అతని నరాల్లో ప్రవహించింది" లాంటివి వదిలెయ్యాలి. చదవడం అయిపోయాక గీతలు పడిన వాక్యాలు మాత్రం వరసగా మళ్లీ చదవండి. కథ అర్థమవుతోందా? ఎవరికి ఏం కావాలి, అడ్డం ఎవరు, ఏం జరిగితే కొంప మునుగుతుంది అనేది తెలుస్తోందా? తెలిస్తే ఆ అధ్యాయం తెర మీద నిలబడుతుంది. తెలియకపోతే నవలాకారుడు చాలా భాగాన్ని తన వ్యాఖ్యానంతో మోస్తున్నాడని అర్థం. అది నవలకు దోషం కాదు, చాలా గొప్ప నవలలు అట్లాగే ఉంటాయి. కాకపోతే వాటిని తెరకు తెచ్చేవాడు వాయిస్ ఓవర్ మీద పడతాడు, ఆ పాతకాలపు గంభీరమైన గొంతు మొదలవగానే నాకైతే నిద్ర వస్తుంది.

ఇప్పుడు మూటలోకి దిగుదాం, ఎందుకంటే చర్చ అంతా ఇట్లాంటి చిన్న విషయాల దగ్గరే రుచి పుడుతుంది. నవలలో "చాకలి మూట భుజాన వేసుకుని ద్వారం దాటాడు" అని ఒక్క వాక్యం ఉందనుకోండి. చదివేటప్పుడు ఎవరూ ఆగరు. తీసేటప్పుడు ఆగి తీరాలి. పన్నెండేళ్ల పిల్లవాడు బక్కపల్చగా ఉన్నా పాతిక, ముప్పై కిలోలు ఉంటాడు. దాన్ని భుజాన వేసుకుని మామూలుగా నడిచినట్టు కనిపించాలంటే మనిషి ఎట్లాంటివాడై ఉండాలి? లేదా గాడిద మీద వెయ్యాలి. గాడిద మీద వేస్తే రెండు పక్కలా బరువు సమంగా ఉండాలి, లేకపోతే మూట ఒరిగిపోతుంది. ఒక పక్క పిల్లవాడు ఉంటే రెండో పక్క ఏం కట్టాడు? రాళ్లా? నానిన బట్టలా? రేవుకు పోయేవి మైలబట్టలు, పొడిగా ఉంటాయి, తడిసి బరువెక్కేది తిరిగి వచ్చేటప్పుడు. కాబట్టి కాపలావాడు "ఏమప్పా, ఈ పొద్దు మూట ఇంత బరువుగా ఉండాది?" అని అడిగితే "తడి బట్టలు సామీ" అనడానికి వీల్లేదు. "జంపఖానాలు ఉండాయి సామీ, ఏడాదికోసారి గదా ఉతికేది" అనాలి. అంటే ఆ మాట అనగలిగేలా ముందు రోజే ఎవరో లోపల జంపఖానాలు తీసి పెట్టి ఉండాలి. అంటే లోపల ఇంకో మనిషి సాయం ఉంది. చూశారా, ఒక్క ప్రశ్నతో రెండు కొత్త సీన్లు, ఒక కొత్త పాత్ర పుట్టుకొచ్చాయి. అప్పటి ఒక పోర్చుగీసు పాదిరి ఉత్తరంలో కూడా ఒక పూజారి భార్య ఆ పిల్లవాణ్ణి ఒక తలుపు దాకా తీసుకొచ్చినట్టు ఉంది, ఆమెకు నవలలో ఎన్ని వాక్యాలు ఇచ్చారో లెక్కపెట్టండి.

ఆ తర్వాత అడగాల్సింది: ఈ సీన్ ఎవరి కళ్లతో చూడాలి? చాకలి కళ్లతోనా, మూటలో ఉన్న పిల్లవాడి చెవులతోనా, కాపలావాడి అనుమానంతోనా, మేడ మీద నుంచి చూస్తున్న తల్లితోనా? ఇక్కడ గొడవ రావాలి, రాకపోతే మీరు సరిగ్గా చదవలేదన్నమాట. పిల్లవాడి వైపు నుంచి తీస్తే తెర అంతా చీకటి, ఉప్పు చెమట వాసన పట్టిన గుడ్డ, ఆ గుడ్డ నేతలోంచి సన్నటి వెలుతురు, బయట మాటలు. అది చాలా బాగుంటుంది, నిమిషానికి మించి భరించలేం. తల్లి వైపు నుంచి తీస్తే ఆమెకు ఇంకో ఇద్దరు కొడుకులు లోపలే ఉండిపోయారు, ఒక్కణ్ణే పంపగలిగింది. నడిమివాణ్ణే ఎందుకు పంపింది అనే ప్రశ్నకు నవలాకారుడు జవాబు చెప్పాడా, దాటేశాడా? దాటేసి ఉంటే ఆ సందు తెరకు బంగారం.

ఇంకో పని కూడా పక్కనే జరగాలి. ఎవరో ఒకరు చరిత్ర చూసేవాళ్లు ఉండాలి గుంపులో, వాళ్లకు పండితులై ఉండాల్సిన పని లేదు, ఓపిక ఉంటే చాలు. కాగితం మీద మూడు గళ్లు గీయండి: ఇది జరిగిందని రాతపూర్వకంగా ఉంది, ఇది జరిగి ఉండొచ్చు, ఇది నవలాకారుడి సొంతం. మన ఉదాహరణలో మూట కథకు ముఖ్య ఆధారం బరాడస్ అనే పోర్చుగీసు జెసూట్ పాదిరి 1616 డిసెంబరులో కొచ్చిన్ నుంచి రాసిన ఉత్తరం. దాన్ని రాబర్ట్ స్యూయల్ 1900లో విజయనగరం మీద వేసిన తన పుస్తకంలో ఇంగ్లీషులో ఇచ్చాడు, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కొచ్చిన్ ఎక్కడ, మన సీమ ఎక్కడ, ఆయన రాసిందంతా వేదవాక్కని అనుకోనక్కర్లేదు. ఇటుపక్క చూస్తే వెలుగోటివారి వంశావళి ఉంది, అది వాళ్ల ఇంటి కీర్తి కోసం చెప్పిన పద్యాలు, అందులో యాచమనాయుడు కొండంత కనిపించడంలో వింతేమీ లేదు. వెలుగోటివారి వెంకటగిరి ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది కాబట్టి మీ గుంపులో ఆ వైపు వాళ్లు ఎవరైనా ఉంటే మాట కొంచెం వేడెక్కుతుంది కూడా, ఎక్కనివ్వండి. జగ్గరాయలి వైపు నుంచి రాసినవాడు మనకు దొరకలేదు కదా అనే మాట ఎవరో ఒకరు అనాలి. విలన్‌కి కూడా తన లెక్క తనకుంటుంది, ఆ లెక్క చెప్పలేని అధ్యాయం తెర మీద పలచబడుతుంది.

ఇక స్థలం. చంద్రగిరి పచ్చిక వద్దన్నది ఇందుకే. అక్కడ కూర్చుంటే ఎదురుగా రాజమహల్, వెనక కొండ, సాయంత్రం ఎండ రాళ్ల మీద పడుతుంటే ప్రతి అధ్యాయమూ అక్కడే జరిగినట్టు అనిపిస్తుంది, మనవాళ్లకు అంతకంటే ముచ్చట ఇంకేముంది. కానీ వెంకటపతిరాయలు పెనుకొండ నుంచి చంద్రగిరికి వచ్చినా చివరి కాలానికి రాజధాని వేలూరు చేరింది, 1614 నాటి ఈ చెర, ఈ హత్యలు జరిగింది వేలూరు కోటలో అనే చరిత్రకారులు చెప్తారు. నవలలో చంద్రగిరి అని ఉంటే రెండు ప్రశ్నలు విడివిడిగా వెయ్యండి: కథ ఎక్కడ జరగాలి, షూటింగ్ ఎక్కడ చెయ్యాలి. కథను వేలూరులోనే ఉంచితే చుట్టూ నీళ్లున్న అగడ్త వస్తుంది, మూట ఆ నీళ్లు దాటి పోవాలి, దాంతో టెన్షన్ పెరుగుతుంది. చిత్తూరు నుంచి గంట, గంటంబావు ప్రయాణం, ఒక ఆదివారం పోయి ఆ అగడ్త గట్టున నిలబడి చూసి రండి, పుస్తకంలో నాలుగు సార్లు చదివినా తెలియని దూరం అక్కడ ఒక్క చూపులో తెలుస్తుంది. చంద్రగిరి అయినా వేలూరు అయినా పురావస్తు శాఖ కాపాడే కోటలే, సినిమా తీయాలంటే అనుమతి, ఫీజు, సవాలక్ష షరతులు ఉంటాయి. గాడిదను లోపలికి రానిస్తారో లేదో అనేదాన్ని చర్చలో నవ్వులాటకు వదిలెయ్యొద్దు, అది నిజమైన ప్రశ్నే.

వస్తువుల దగ్గర ఎక్కువసేపు ఉండక్కర్లేదు, ఒక జాబితా చాలు. 1614లో మన వంటింట్లో టమాటా లేదు, బంగాళాదుంప లేదు, టీ లేదు. తుపాకులు ఉన్నాయి. తిరుమలకు ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, అంతకుముందు మెట్ల దారే, కాబట్టి ఏ రాజుగారైనా రథం మీద కొండెక్కితే నవల మూసి పక్కన పెట్టొచ్చు. బట్టల సబ్బు లేదు, చౌడు మట్టి, బానలో ఉడకబెట్టడం, బండకేసి బాదడం. నెత్తి మీద కుళ్లాయి ఎట్లా ఉండేదో చూడాలంటే తిరుమలలో కృష్ణదేవరాయల విగ్రహం చూడండి, లేపాక్షి చిత్రాలు కూడా చూడండి, అవి మన కథ కంటే డెబ్బై నుంచి వందేళ్లు ముందువి అని గుర్తు పెట్టుకుని.

భాష మీద మాత్రం కాస్త సమయం పెట్టండి. నవలలో గ్రాంథికం కలిసిన సంభాషణ బాగానే ఉంటుంది, అదే నోటితో పలికితే నాటకం అయిపోతుంది. రాజకుటుంబం తెలుగు, చుట్టూ ఊరు తమిళం, ఇట్లాంటి చోట చాకలి కాపలావాడితో తమిళంలో మాట్లాడి, మూట వైపు తిరిగి మెల్లిగా తెలుగులో "కదలొద్దు నాయనా" అంటే? చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్లకు ఇది వింతేమీ కాదు, ఒకే వాక్యంలో రెండు భాషలు తిరగేసేవాళ్లం. మిగతా ఆంధ్రలో చూసేవాళ్లకు సబ్ టైటిల్ వెయ్యాలేమో గానీ ఈ తిప్పడం ఎంత బలమైన పనిముట్టో ఒకసారి సంభాషణ రాసి పైకి చదివి చూడండి. నవలలో అందరూ ఒకే తెలుగు మాట్లాడుతుంటే, ఎవరు ఎట్లా మాట్లాడాలో పేర్ల పక్కన రాసుకోండి.

మొహమాటపడి దాటేసేవి రెండు ఉన్నాయి. ఒకటి కులం. ఈ కథలో అసలు ధైర్యం చేసింది చాకలి, ఆ ఉత్తరంలో ఆయనకు పేరు కూడా లేదు. మన సినిమాల అలవాటు ప్రకారం ఆయన్ని కామెడీకి వాడుకుని యాచమనాయుడికి స్లో మోషన్ ఇస్తారు. అట్లా చెయ్యకుండా ఉండాలంటే అధ్యాయంలో ఆయనకు ఇల్లు, భార్య, పట్టుబడితే పోయేదేమిటి అనేది ఉందా అని చూడండి. ఆయన ఎందుకు ఒప్పుకున్నాడు? స్వామిభక్తి అని ఒక్క మాటలో తేల్చేసి ఉంటే ఒప్పుకోవద్దు, డబ్బా, భయమా, ఆ పిల్లవాణ్ణి పుట్టినప్పటి నుంచి ఎరిగి ఉండడమా, తేల్చమని పట్టుబట్టండి. మీ గుంపులో ఆ వృత్తి చేసిన కుటుంబాల వాళ్లు ఉంటే వాళ్లనే ముందు మాట్లాడనివ్వండి, మూట కట్టే పద్ధతి, బరువు మోసే పద్ధతి మిగతావాళ్లకు ఊహే. రెండోది సతి. వెంకటపతిరాయల చితిలో ముగ్గురు రాణులు కాలిపోయారని అదే ఉత్తరం చెప్తోంది. దాన్ని పూలవానలో పాట పెట్టి చూపిస్తారా, అసలు చూపించకుండా పొగ చాలు అనుకుంటారా, ఆ ముగ్గురిలో ఒకరికైనా మాట ఇస్తారా? దీని మీద గుంపు విడిపోవడం ఖాయం. విడిపోయినా ఫరవాలేదు, ఎవరి వాదన ఏమిటో రాసి పెట్టుకోండి.

నిడివి లెక్క తేలిక. స్క్రిప్ట్‌లో పేజీకి సుమారు నిమిషం అంటారు. ఇరవై పేజీల అధ్యాయం తెర మీద ఇరవై నిమిషాలు కాదు, గీతలు గీసిన వాక్యాలు ఎన్ని మిగిలాయో దాన్ని బట్టి ఆరు నిమిషాలు కావచ్చు, అప్పుడు అది రెండున్నర గంటల సినిమాలో ఒక సీక్వెన్స్. మూటలాగా లోపల నుంచి కొత్త సీన్లు పుట్టుకొస్తుంటే నలభై నిమిషాల ఎపిసోడ్ అవుతుంది, అప్పుడు సిరీస్ మాట్లాడండి. నా అభిప్రాయం అడిగితే 1614 కథకు సిరీసే సరి, ఉంగరం ఒక ఎపిసోడ్, మూట ఒక ఎపిసోడ్, ఆ కుటుంబాన్ని తప్పించడానికి తవ్విన సొరంగం బయటపడడం ఇంకొకటి. సినిమా తీస్తే ఇవన్నీ అరగంటలో కుక్కి తోపూరుకు పరిగెత్తుతారు. పన్నెండేళ్ల పిల్లవాడు ప్రధాన పాత్ర కాబట్టి షూటింగ్ రోజులు పెరుగుతాయని కూడా రాసుకోండి, బాలనటులు రోజుకు ఐదు గంటలకు మించి పనిచెయ్యకూడదనే నిబంధన ఉంది.

ఇంతా అయ్యాక గుంపులో ఎవరో ఒకరు "మనమే షార్ట్ ఫిల్మ్ తీసేద్దాం, కెమెరా నా దగ్గరుంది" అంటారు. అనేవాళ్లు ఉండాలి కూడా. ఆ మాట వచ్చిన వెంటనే మూడు గళ్ల కాగితం మళ్లీ తియ్యండి. మొదటి గడిలో ఉన్నవి ఎవరి సొత్తూ కాదు, వెంకటపతిరాయలు, జగ్గరాయలు, మూట, తోపూరు, ఎవరైనా వాడుకోవచ్చు. మూడో గడిలో ఉన్నవి నవలాకారుడివి. ఉత్తరంలో పేరు లేని చాకలికి ఆయన ఒక పేరు పెట్టి, భార్యను, కుంటి గాడిదను, ద్వారం దగ్గర ఆ జంపఖానాల మాటను సృష్టించి ఉంటే అవి మీరు అడగకుండా తీసుకోకూడదు, యూట్యూబ్‌లో ఉచితంగా పెడతాం అన్నా సరే. మన చట్టం ప్రకారం రచయిత పోయాక కూడా అరవై ఏళ్ల దాకా ఆ హక్కు వారసులకు ఉంటుంది. రచయిత బతికుంటే పని ఇంకా సులువు, పుస్తకం వెనక ప్రచురణకర్త చిరునామా ఉంటుంది, ఒక పేజీ ఉత్తరం రాయండి: ఏ అధ్యాయం, ఎన్ని నిమిషాలు, ఎక్కడ చూపిస్తారు, డబ్బు వస్తుందా రాదా, ఏం మారుస్తారు. "మీ నవల చాలా బాగుంది సార్" అని మూడు పేజీలు రాసి చివర్లో అడగడం కంటే ఇదే వాళ్లకూ ఇష్టం. జవాబు నోటిమాటగా ఫోన్‌లో "తీసుకోండి బాబూ" అని వచ్చినా కాగితం మీద సంతకం తీసుకోండి.

ఇప్పుడు చివరి అరగంట. హీరో ఎవరో కొట్టుకోండి.